కొంగు ముడిలో చీటీ
(మహబూబ్‌నగర్‌లో ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తల సమావేశంలో ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ఏఎన్‌ఎం చెల్లెళ్ళకు, ఆశా అక్కలకు నమస్కారం. డిసెంబర్ 1 కదా అని ఎయిడ్స్ గురించి మాట్లాడమన్నారు. ముందువాళ్ళు బాగా చెప్పారు. నేను సిఫిలిస్ గురించి చెప్తాను. మన ఊళ్ళల్లో సవాయి అంటారే, లైంగికంగా అంటుకుని తల్లి నుంచి కడుపులో బిడ్డకూ సోకే జబ్బు, అది.

1943లో అమెరికాలో మహోనీ అనే డాక్టరు నలుగురు రోగులకు పెన్సిలిన్ ఇచ్చి దీన్ని నయం చేశాడు. ఇన్నేళ్ళయినా ఆ క్రిమి పెన్సిలిన్‌కు లొంగుతూనే ఉంది. గనేరియా అట్లా కాదు, ఒక్కో మందునూ తట్టుకుంటూ వచ్చింది. సవాయి కొత్తగా సోకితే బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, ఒక్కసారి చాలు. ఎప్పుడు సోకిందో తెలియకపోతే వారానికొకటి చొప్పున మూడు సూదులు. గర్భిణికి దీని బదులు ఇంకో మందు లేదు.

మక్తల్ వైపు పిల్ల ఒకతె వచ్చింది. భర్త ముంబైలో మేస్త్రి పని. ఐదో నెల, సవాయికి చేసే రక్త పరీక్ష వీడీఆర్‌ఎల్ పాజిటివ్. మందు మా అలమారలోనే ఉంది. రియాక్షన్ వస్తే ఎవరు బాధ్యత అన్నారు పైవాళ్ళు. పెద్దాసుపత్రికి పొమ్మని చీటీ రాసిచ్చారు. ఆ చీటీ ఆమె చేతిలో పెట్టింది నేనే.

ఎనిమిదో నెలలో మళ్ళీ వచ్చింది, బిడ్డ కదలట్లేదని. కాన్పు నేనే చేశాను. చనిపోయిన బిడ్డ, ఒంటి మీద తోలు ఊడిపోయి ఉంది. చీర మారుస్తుంటే కొంగు ముడిలో ఆ చీటీ కనిపించింది, నాలుగు మడతలు వేసి. బస్సు కిరాయికి డబ్బుల్లేవు, తోడెవరూ రాలేదు అంది. అత్త మాత్రం నువ్వేం పాపం చేసినవే అని అందరి ముందూ తిట్టింది. పాపం ఆమెదా?

మీరు చెప్పండి. మగవాడికి పుండు నొప్పి లేకుండా వచ్చి, కొన్ని వారాల్లో దానంతటదే మానుతుంది. ఆర్‌ఎంపీ దగ్గర రెండు గోళీలు మింగి తగ్గిందనుకుంటాడు. దసరాకో, పీర్ల పండుగకో ఇంటికి వస్తాడు. అతనికీ సూది వేయకపోతే ఆమెకు వేసిన సూది వృథా, మళ్ళీ అంటుకుంటుంది. సుఖవ్యాధులకు మందిచ్చే సర్కారు సురక్ష క్లినిక్‌కు ఇద్దరినీ తీసుకురండి అక్కా. అత్త ముందు మాత్రం రిపోర్టు చదవకండి.

ఇక రియాక్షన్ భయం. అది వచ్చేది చాలా అరుదు, కానీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ముందు టెస్ట్ డోసు, పక్కన అడ్రినలిన్, వేశాక అరగంట కూర్చోబెట్టడం. ఆ రాత్రి జ్వరం వస్తే చచ్చే క్రిముల వల్లనే అది, అలర్జీ కాదు. గర్భిణికి నొప్పులు మొదలైతే మాత్రం వెంటనే రమ్మనండి.

ఇంకొక్క మాట. ఈ మందు పాలలాగా చిక్కగా ఉంటుంది, సన్న సూది అయితే మధ్యలో అడ్డుపడుతుంది. గడువు దాటిన వయల్ ఒకటి తెచ్చాను. ముందు వరుసలోంచి ఇద్దరు రండి తల్లీ, ఎట్లా కలపాలో మీ చేతులతోనే చేయిస్తాను.