48 వోల్టులు కనబడకుండా ఎలా వెళ్తాయి?

వ్యాఖ్యాత: నమస్కారం. మైకును కంప్యూటర్‌కు కలిపే నా ఆడియో ఇంటర్‌ఫేస్ మీద 48 వోల్టుల బటన్ ఒకటి ఉంది. తీగచుట్టతో (కాయిల్‌తో) పనిచేసే డైనమిక్ మైకు కాలిపోతుందేమోనన్న భయంతో చాలాకాలం దాన్ని ముట్టుకోలేదని ముందే ఒప్పుకుంటున్నాను. అసలు ఆ బటన్ నొక్కితే మైకుకు వెళ్లే ఈ ఫాంటమ్ పవర్ ఎందుకండీ?

సౌండ్ ఇంజనీర్: మీ జాగ్రత్త మంచిదే గానీ, భయపడవలసింది ఆ వోల్టులకు కాదు. కండెన్సర్ మైకు క్యాప్సూల్‌లో, అంటే ధ్వనిని పట్టే భాగంలో, పుట్టే సంకేతం నేరుగా పొడవాటి కేబుల్ మీద ప్రయాణించలేదు కనుక, దాన్ని మైకులోనే ఒక చిన్న సర్క్యూట్ అందుకొని తగిన రూపంలో ముందుకు పంపుతుంది. ఆ సర్క్యూట్‌కు కావలసిన విద్యుత్తును, ధ్వని వచ్చే కేబుల్ ద్వారానే మైకుకు చేరవేస్తాం.

వ్యాఖ్యాత: ధ్వని ఇటు వస్తుండగా అదే తీగలో విద్యుత్తు అటు వెళ్తే, రెండూ కలగాపులగం కావా?

సౌండ్ ఇంజనీర్: కావు, అందులోనే దీని అందమంతా ఉంది. మైకు కేబుల్ కొసన ఉండే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్‌లోని 2, 3 పిన్నులకు చెరొక 6.81 కిలోఓముల రెసిస్టర్ ద్వారా ఒకే 48 వోల్టులు అందుతాయి; తిరుగుదారి 1వ పిన్ను, అంటే తీగల చుట్టూ ఉండే షీల్డు. మైకు సంకేతాన్ని పెంచే ప్రీయాంప్ ఆ రెండు తీగల మధ్య తేడాను మాత్రమే గ్రహిస్తుంది, ఈ 48 వోల్టుల విషయంలో ఆ తేడా సున్నా. డైనమిక్ మైకు కాయిల్ రెండు కొసలూ ఆ తీగలకే కలిసి ఉంటాయి కాబట్టి, ఒకే మట్టంలో నీళ్లున్న రెండు తొట్లను గొట్టంతో కలిపినప్పుడు నీరు ఎటూ పారనట్లే, కాయిల్‌లో కరెంటు పారదు. అక్కరలేని మైకుకు అది ఉన్నట్టే తెలియదు కనుకనే ఫాంటమ్ అన్నారు.

వ్యాఖ్యాత: మరి సరిగ్గా 48 ఎందుకు?

సౌండ్ ఇంజనీర్: 1966లో నార్వే ప్రసార సంస్థ కోసం న్యూమన్ కంపెనీ ఈ పద్ధతిని అమర్చింది. అక్కడి స్టూడియోలలో అదనపు దీపాల కోసం 48 వోల్టుల సరఫరా అప్పటికే ఉండడంతో దాన్నే వాడుకున్నారు.

వ్యాఖ్యాత: అయితే ప్రమాదం ఎప్పుడు?

సౌండ్ ఇంజనీర్: ఆ సమానత్వం చెడినప్పుడు. కేబుల్‌లో ఒక తీగ షార్ట్ అయినా, రెండు తీగల్లో ఒకదాన్ని షీల్డుకు కలిపేసే అన్‌బ్యాలెన్స్‌డ్ అడాప్టర్ పెట్టినా వోల్టేజీ ఒకవైపే మిగిలి కాయిల్ గుండా కరెంటు పారుతుంది. సాధారణ డైనమిక్ మైకు చాలావరకు దాన్ని తట్టుకుంటుంది గానీ, పాతకాలపు రిబ్బన్ మైకులోని పలుచని లోహపు పట్టీ సాగిపోవచ్చు, తెగిపోనూవచ్చు. అందుచేత బటన్ ఆపి, కెపాసిటర్లలోని విద్యుత్తు తగ్గేందుకు కొన్ని క్షణాలు ఆగి, ఆ తర్వాతే కేబుల్ తీయండి. బటన్ నొక్కేముందు హెడ్‌ఫోన్ వాల్యూమ్ కూడా తగ్గించుకోవాలి, లేకపోతే వచ్చే ఢామ్మనే శబ్దానికి చెవులు గింగురుమంటాయి.

వ్యాఖ్యాత: డైనమిక్ మైకు సన్నగా వినబడితే ఈ బటన్ నొక్కమని నాకు సలహా ఇచ్చినవారున్నారు!

సౌండ్ ఇంజనీర్: దానివల్ల శబ్దం రవ్వంత కూడా పెరగదు, కేబుల్ మధ్యలో శబ్దాన్ని పెంచే ఇన్‌లైన్ బూస్టర్ ఉంటే మాత్రం, ఆ బూస్టర్ పనిచేయడానికి ఇది కావాలి. కాలరుకు తగిలించే 3.5 మిల్లీమీటర్ల పిన్ను మైకుల సంగతి వేరు. వాటికి కొద్ది వోల్టులే చాలు కనుక, వోల్టేజీని తగ్గించే అడాప్టర్ లేకుండా వాటిని ఫాంటమ్‌కు కలపకూడదు.

వ్యాఖ్యాత: ల్యాప్‌టాప్ నుంచి యూఎస్‌బీతో నడిచే ఇంటర్‌ఫేస్ ఇంత వోల్టేజీ ఇవ్వగలదా?

సౌండ్ ఇంజనీర్: వచ్చే 5 వోల్టులను లోపలి కన్వర్టర్ 48కి పెంచుతుంది. ప్రమాణం ప్రకారం ఒక్కో మైకు 10 మిల్లీఆంపియర్ల వరకు తీసుకోవచ్చు, కానీ యూఎస్‌బీ నుంచి దొరికే శక్తికి హద్దుంది. రెండు కండెన్సర్ మైకులు కలపగానే ధ్వని చిట్లినట్లు వినిపిస్తే, మైకును అనుమానించే ముందు ఇంటర్‌ఫేస్‌కు విడిగా పవర్ అడాప్టర్ పెట్టి చూడండి.