ఎల్ ఆల్‌నే ఎందుకు ఎక్కుతారు? ఒక యూదు కుటుంబం విమానం ఎంచుకునే లెక్క

[తెర మీద: రెండు గడియారాలు. ఒకటి న్యూయార్క్, ఒకటి టెల్ అవీవ్]

వ్యాఖ్యానం: న్యూయార్క్‌లో గురువారం రాత్రి 7 గంటలకు ఇజ్రాయెల్ విమానసంస్థ ఎల్ ఆల్ విమానం లేచిందనుకోండి. టెల్ అవీవ్‌లో అప్పటికే శుక్రవారం తెల్లవారుజామున 2. ప్రయాణం సుమారు పదిన్నర గంటలు, అంటే దిగేది మధ్యాహ్నం పన్నెండున్నరకి. డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం 4:40 ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. చాలా ఇళ్లలో సబ్బాతు (యూదుల వారపు విశ్రాంతి రోజు) దీపాలు అంతకు 18 నిమిషాల ముందే వెలిగిస్తారు. సామాను కోసం ఆగి, కారెక్కి ఇల్లు చేరడానికి రెండు గంటలు పక్కన పెట్టండి. మిగిలేది రెండు గంటల లోపే. విమానం అంతకన్నా ఆలస్యమైతే నిష్ఠగా ఉండే కుటుంబం దారిలోనే ఆగిపోవాలి. సబ్బాతు మొదలయ్యాక వాహనం ఎక్కరు, డబ్బు ముట్టరు, స్విచ్ వేయరు. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి చుక్కలు పొడిచేదాకా, దాదాపు 25 గంటలు ఇంతే.

తూర్పు వైపు ఎగిరే విమానానికి పగలు కురచవుతుంది, సూర్యాస్తమయం ఎదురొస్తుంది. అందుకే న్యూయార్క్ నుంచి వెళ్లేవాళ్లకు చలికాలపు గురువారం టికెట్ ప్రమాదకరం. జూన్‌లో అదే టికెట్ నిశ్చింత, ఎందుకంటే అప్పుడు టెల్ అవీవ్‌లో పొద్దు గుంకేది రాత్రి 7:45 ప్రాంతంలో.

[తెర మీద: ఏథెన్స్ విమానాశ్రయం గుర్తుతో పటం]

2018 నవంబర్‌లో సరిగ్గా ఇదే జరిగింది. న్యూయార్క్‌లో మంచు తుఫాను వల్ల గురువారం రాత్రి ఎల్ ఆల్ విమానం గంటల తరబడి నేలమీదే నిలిచిపోయింది. సూర్యాస్తమయంలోగా టెల్ అవీవ్ చేరడం అసాధ్యమని తేలాక దాన్ని ఏథెన్స్‌లో దించారు. సబ్బాతు పాటించేవాళ్లు అక్కడే ఆగారు, మిగతావాళ్లను మరో విమానంలో ఇంటికి పంపారు. లోపల గొడవలయ్యాయి, రెండు వర్గాలూ సంస్థను తిట్టాయి. అయినా ఒక్క విషయం గమనించాలి. సబ్బాతు వస్తోందని వందలమంది ఉన్న విమానాన్ని దారి మళ్లించడం వేరే ఏ పెద్ద విమానసంస్థ దగ్గరా ఆశించలేం.

[తెర మీద: నీలం, తెలుపు రంగుల విమానం తోక]

ఎల్ ఆల్ ఇజ్రాయెల్ జాతీయ విమానసంస్థ. పుట్టింది 1948లో. ఆ సెప్టెంబర్‌లో దేశ తొలి అధ్యక్షుడు ఛైమ్ వైజ్‌మన్‌ను జెనీవా నుంచి తీసుకురావాలి. ఆయుధ నిషేధం వల్ల సైనిక విమానాన్ని పంపే వీల్లేదు. ఒక సైనిక రవాణా విమానానికే పౌర విమానం రంగులు వేసి, అదనపు ఇంధన ట్యాంకులు అమర్చి పంపారు. సంస్థను నవంబర్‌లో అధికారికంగా నమోదు చేశారు. శని, పండుగ రోజుల్లో విమానాలు ఆపాలని 1982లో ప్రధాని బెగిన్ ప్రభుత్వం నిర్ణయించింది. వారంలో ఏడో వంతు విమానాలు ఖాళీగా నిలబడటం ఏ సంస్థకైనా భారీ ఖర్చే. 2000ల్లో ప్రైవేటు చేతుల్లోకి వెళ్లాక కూడా సంస్థ ఆ పద్ధతి వదల్లేదు. నిష్ఠగల కుటుంబాలు టికెట్‌కు ఎక్కువ పెట్టడానికి ఒప్పుకునేది మొదట ఇందుకే.

మరి సబ్బాతున ఎల్ ఆల్ ఎప్పుడూ ఎగరలేదా? ఎగిరింది. ఈ విధేయత ఎలాంటిదో అర్థం కావాలంటే మూడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి.

[తెర మీద: 1991, 2006, 2023]

1991 మే 24, శుక్రవారం. ఇథియోపియాలో ప్రభుత్వం కూలిపోతోంది. ఆపరేషన్ సొలొమన్ పేరుతో 14,000కు పైగా యూదులను సుమారు 36 గంటల్లో ఇజ్రాయెల్‌కు చేర్చారు. సబ్బాతు అంతా విమానాలు తిరుగుతూనే ఉన్నాయి. ఒక ఎల్ ఆల్ 747లో ఏకంగా 1,088 మంది వచ్చారు. ఆ లెక్కలో ప్రయాణంలోనే పుట్టిన ఇద్దరు పసికందులూ ఉన్నారు. రబ్బీలు, అంటే యూదు మతగురువులు, అడ్డు చెప్పలేదు. ప్రాణం కాపాడటానికి సబ్బాతును పక్కన పెట్టవచ్చనేది యూదు ధర్మంలోనే ఉన్న నియమం. పెట్టవచ్చని కూడా కాదు, పెట్టి తీరాలి. 2023 అక్టోబర్ దాడుల తర్వాత, యుద్ధానికి పిలుపందిన రిజర్వు సైనికులను విదేశాల నుంచి తీసుకురావడానికి సబ్బాతున ఎగిరినప్పుడూ ఇదే నియమం.

2006 కథ వేరు. నవంబర్ చివర్లో సమ్మె వల్ల విమానాలు పేరుకుపోయాయి. వాటిని సర్దుకోవడానికి సంస్థ సబ్బాతున కొన్ని విమానాలు నడిపింది. అక్కడ ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు, ఉన్నది వ్యాపార ఇబ్బంది. యూదుల్లో అత్యంత నిష్ఠగా ఉండే హరేదీ వర్గం రబ్బీలు బహిష్కరణకు పిలుపునిచ్చారు. తరాలుగా ఎల్ ఆల్ తప్ప ఎక్కని కుటుంబాలు వారాల తరబడి వేరే సంస్థల టికెట్లు కొన్నాయి. 2007 జనవరిలో సబ్బాతు పాటింపు మీద ఒప్పందం కుదిరాకే తిరిగొచ్చాయి. ఇది ఇచ్చిపుచ్చుకునే మాట. సంస్థ తన వైపు మాట నిలబెట్టినంత కాలమే కుటుంబం తన వైపు నిలబెడుతుంది. నా దృష్టిలో గుడ్డి అభిమానం కన్నా ఇది చాలా గట్టి బంధం.

[తెర మీద: భోజనం ట్రే, మీద రేకు చుట్టి సీలు వేసి]

ఇక తిండి. ఎల్ ఆల్‌లో మామూలు భోజనమే కోషెర్, అంటే యూదు ఆహార నియమాల ప్రకారం చేసినది. మరీ కట్టుదిట్టంగా ఉండేవాళ్లు ఇంకా కఠినమైన ధ్రువీకరణ ఉన్న ట్రేను ముందే అడగవచ్చు. మాంసంతో పాల పదార్థం కలపరు కాబట్టి, మాంసం భోజనం తర్వాత కాఫీలోకి పాలు లేని పొడి ఇస్తారు. పస్కా పండుగ రోజుల్లో పులిసిన పదార్థం ఏదీ విమానంలోకి రాదు.

వేరే సంస్థలో కోషెర్ భోజనం కావాలంటే కనీసం 24 గంటల ముందు, చాలాచోట్ల 48 గంటల ముందు చెప్పాలి. బుకింగ్‌లో దాని కోడ్ కేఎస్‌ఎంఎల్. ఆ కోడ్ ప్రతి విమానానికీ విడిగా కనపడాలి, మొదటి విమానానికి ఉంటే రెండోదానికీ ఉన్నట్టు కాదు. టికెట్ ఒక సంస్థది, నడిపేది ఇంకో సంస్థ అయితే కోరిక మధ్యలోనే తప్పిపోతుంది. చివరి నిమిషంలో విమానం మార్చినా అంతే. ట్రేను రెండు పొరల రేకుతో మూసి, సీలు వేసి పంపుతారు. అందరి మాంసమూ వేడయ్యే ఓవెన్‌లోనే ఇదీ వేడవుతుంది కాబట్టి ఆ రెండు పొరలు. సిబ్బంది మంచికే అనుకుని రేకు విప్పి వేడి చేస్తే భోజనం పనికిరాకుండా పోతుంది. సీలు ఉన్న ట్రేను చూపించి, 'ఇలాగే వేడి చేయండి, నేనే విప్పుతాను' అని ముందే చెప్పడం అలవాటు చేసుకోవాలి.

ఏ విమానమైనా చేతిసంచిలో పులియని రొట్టె ప్యాకెట్ ఒకటి ఉంచుకోవడం మంచిది. దారిలో సబ్బాతు వచ్చేస్తే, ద్రాక్షరసం లేకున్నా శుక్రవారం రాత్రి ఆశీర్వాదం రొట్టె మీద చెప్పుకోవచ్చు. ద్రాక్షరసం సీసా 100 మిల్లీలీటర్లు దాటితే చాలా విమానాశ్రయాల్లో తనిఖీలో ఆపేస్తారు.

[తెర మీద: నల్లటి చిన్న తోలు పెట్టెలు, తోలు పట్టీలు]

ఉదయం ప్రార్థనలో చేతికి, నుదుటికి కట్టుకునే ఈ పెట్టెల పేరు తెఫిలిన్. 2010 జనవరిలో అమెరికాలో ఒక కుర్రాడు విమానంలో వీటిని కట్టుకుంటే, బాంబేమో అనుకుని విమానాన్ని ఫిలడెల్ఫియాలో దించేశారు. ఎల్ ఆల్‌లో ఆ భయం లేదు. మరోవైపు, స్త్రీ పక్కన కూర్చోమని పట్టుబట్టే నిష్ఠగల పురుషుల కోసం మహిళలను సీటు మారమని అడిగే దుర్మార్గం కూడా ఇక్కడే పాతుకుపోయింది. అలా అడగడం వివక్షేనని 2017లో జెరూసలేం కోర్టు తేల్చాక సంస్థ ఆపాల్సి వచ్చింది. ఆ తీర్పు ఎప్పుడో రావాల్సింది.

మతం పెద్దగా పట్టించుకోని కుటుంబాలు కూడా ఈ విమానమే ఎక్కడానికి కారణం భద్రత. 1968లో రోమ్ నుంచి వస్తున్న విమానాన్ని హైజాక్ చేసి అల్జీరియాకు తీసుకుపోయారు. ఆ తర్వాత తనిఖీ పద్ధతే మారిపోయింది. 1986 ఏప్రిల్‌లో లండన్ హీత్రూలో ఒక గర్భిణి సంచి అడుగున పేలుడు పదార్థం దొరికింది. పెట్టింది ఆమె ప్రియుడు, ఆమెకు ఏమీ తెలియదు. 'సంచి ఎవరు సర్దారు? ఎవరైనా ఏమైనా ఇచ్చారా?' అనే ప్రశ్నలు ఇలాంటి అమాయకుల కోసమే. మూడు గంటల ముందు చేరుకోండి, కుటుంబంలో అందరూ ఒకే సూటి జవాబు ఇవ్వండి. అరబ్బు ప్రయాణికులను ఎక్కువసేపు నిలబెట్టి అడుగుతారన్న విమర్శ ఏళ్లుగా ఉంది, అది న్యాయమైన విమర్శే.

ఇజ్రాయెల్‌లో వృద్ధులను చూసుకునే పనిలో ఉన్న తెలుగువాళ్లకు ఈ శుక్రవారం లెక్క బాగా తెలుసు. సెలవుకు ఇంటికి వచ్చేటప్పుడు కూడా ఇదే లెక్క వేసుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం నుంచే రైళ్లు, చాలా బస్సులు ఆగిపోతాయి. యూదుల ఉపవాస దినమైన యోమ్ కిప్పూర్ రోజు విమానాశ్రయమే మూసేస్తారు.

[తెర మీద: టికెట్ ధరల పట్టిక]

2023 అక్టోబర్ తర్వాత విదేశీ సంస్థలు చాలావరకు రాకపోకలు ఆపేశాయి, ఎల్ ఆల్ ఆపలేదు. కానీ ధరలు కుటుంబాల నడ్డి విరిచాయి. 2024లో సంస్థకు 54 కోట్ల డాలర్లకు పైగా లాభం వచ్చిందని తెలిశాక, ఎప్పటినుంచో నమ్ముకున్నవాళ్లే గట్టిగా నిలదీశారు. చాలామంది ఏథెన్స్ దాకానో సైప్రస్‌లోని లార్నకా దాకానో విదేశీ విమానంలో వచ్చి, చివరి భాగానికి మాత్రం ఇజ్రాయెల్ విమానం ఎక్కారు.

మీరూ అలా వెళ్లాలనుకుంటే ఒక ఇబ్బంది ఉంది. రెండు టికెట్లు విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమైనందుకు రెండో సంస్థకు బాధ్యత ఉండదు. సామాను కూడా సాధారణంగా నేరుగా వెళ్లదు, మధ్యలో తీసుకుని మళ్లీ అప్పగించాలి, భద్రతా ప్రశ్నలు మళ్లీ మొదటి నుంచి. మధ్యలో ఒక రాత్రి వదలండి. ఆ రాత్రి గురువారం కాకుండా చూసుకోండి.