పచ్చ టిక్కు ఉంది సరే, యాంటీవైరస్ మేలుకునే ఉందా?

నమస్కారం. మీ కంప్యూటర్‌లో కింద కుడివైపు, టైమ్ కనిపించే చోట ఒక చిన్న డాలు బొమ్మ ఉంటుంది. కనిపించకపోతే పక్కనున్న పైబాణం నొక్కండి. దాని మీద పచ్చ టిక్కు ఉంటే మనం ఇక ఆ సంగతే పట్టించుకోం. కానీ ఆ టిక్కు చెప్పేది ఒక్కటే, ప్రోగ్రాం ఆన్‌లో ఉందని. మీరు రోజూ వాడే ఫోల్డర్‌లోకి చెడ్డ ఫైల్ వచ్చిపడితే అది నిజంగా అడ్డుపడుతుందా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు మనమే ఇంట్లో, కాసేపట్లో, ఏ ప్రమాదమూ లేకుండా తెలుసుకోవచ్చు.

టెస్ట్ అనగానే కొంతమంది నిజం వైరస్ ఎక్కడ దొరుకుతుందా అని వెతకడం మొదలుపెడతారు. దయచేసి ఆ పని వద్దు. గ్యాస్ లీక్ అవుతోందేమో చూడటానికి ఎవరూ అగ్గిపుల్ల గీయరు, రెగ్యులేటర్ దగ్గర సబ్బు నురగ రాసి చూస్తారు. యాంటీవైరస్‌కి కూడా అలాంటిది ఒకటుంది. దాని పేరు ఐకార్ టెస్ట్ ఫైల్.

ఐకార్ అనేది 1990ల మొదట్లో యూరప్‌లో యాంటీవైరస్ పరిశోధకులు పెట్టుకున్న సంస్థ. వైరస్ కాని ఒక ఫైల్‌ని అందరం వైరస్ లాగే పట్టుకుందామని కంపెనీలన్నీ ఒప్పుకున్నాయి. ఆ ఫైల్ మొత్తం 68 అక్షరాలు, ఒకే ఒక్క లైను. చివర ఖాళీలు ఉన్నా పర్వాలేదు గానీ, అన్నీ కలిపి 128 దాటకూడదు. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ అయినా, పుణె నుంచి వచ్చే క్విక్ హీల్ అయినా, చెన్నై వాళ్ల కే7 అయినా, ఈ లైను కనబడగానే గంట కొట్టాలి.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటి చెప్పాలి. టెస్టుకి అవసరం లేదు, కానీ చెప్పకుండా ఉండలేను. ఆ 68 అక్షరాలు ఏదో పిచ్చిరాత కాదు. అది డాస్‌లో, అంటే విండోస్‌కి ముందు కంప్యూటర్లు నడిచిన పాత పద్ధతిలో, నిజంగా నడిచే ప్రోగ్రాం. నడిపిస్తే "ఇది యాంటీవైరస్ టెస్ట్ ఫైల్" అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ ముక్కను తెర మీద చూపించి ఆగిపోతుంది. చిక్కు ఏమిటంటే, తెర మీద రాయమని డాస్‌కి చెప్పే ఆదేశం కీబోర్డులో దొరికే అక్షరాలతో కుదరదు. ఈ ఫైల్ మాత్రం ఎవరైనా టైప్ చేసుకునేలా ఉండాలి. మరి ఎలా? కంప్యూటర్‌కి అక్షరాలన్నీ అంకెలే. ప్రోగ్రాం నడవడం మొదలుపెట్టగానే తన చివరి నాలుగు అక్షరాల్లోంచి కొంత విలువ తీసేసుకుంటుంది. ఆ తీసివేతతో ఆ నాలుగు అక్షరాలే "తెర మీద రాయి", "ఆగిపో" అనే రెండు ఆదేశాలుగా మారిపోతాయి. నడుస్తూ నడుస్తూ తనను తానే తిరగరాసుకుంటుందన్నమాట. ఇప్పటి 64 బిట్ విండోస్‌లో ఇది అసలు నడవదు, ఎందుకంటే పాత 16 బిట్ డాస్ ప్రోగ్రాంలను అది నడపదు. నడవకపోయినా మనకు నష్టం లేదు, యాంటీవైరస్ దాన్ని చూస్తే చాలు.

సరే, పనిలోకి దిగుదాం. ఐకార్ డాట్ ఆర్గ్ సైట్‌లో ఈ ఫైల్ డౌన్‌లోడ్‌కి దొరుకుతుంది. చాలామంది అక్కడ నొక్కి, బ్రౌజర్ ఎర్రగా అరవగానే "ఆహా, పని చేస్తోంది" అని వదిలేస్తారు. కాస్త ఆగండి. అరిచింది ఎవరు? చెడ్డ డౌన్‌లోడ్లను ఆపడానికి క్రోమ్‌కి తన సొంత సేఫ్ బ్రౌజింగ్ ఉంది, ఎడ్జ్‌కి స్మార్ట్‌స్క్రీన్ ఉంది. ఫైల్ డిస్క్ దాకా రాకముందే వాళ్లే ఆపేసి ఉండవచ్చు. అది మంచిదే, కానీ మనం పరీక్షించాలనుకున్నది వాళ్లని కాదు. పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చే ఫైల్‌కి బ్రౌజర్ కాపలా ఉండదు కదా.

అందుకే బ్రౌజర్‌తో సంబంధం లేకుండా నోట్‌ప్యాడ్‌తో చేద్దాం. ఐకార్ సైట్‌లో ఆ లైను మామూలు అక్షరాలుగా కూడా ఉంటుంది. దాన్ని కాపీ చేసి ఖాళీ నోట్‌ప్యాడ్‌లో అతికించండి. ముందు ఖాళీ లైను గానీ, స్పేస్ గానీ ఉండకూడదు. చూసి టైప్ చేస్తానంటే మాత్రం జాగ్రత్త: మూడో అక్షరం సున్నాలా ఉంటుంది, కానీ అది సున్నా కాదు, ఇంగ్లిష్ పెద్ద ఓ. అక్కడ తప్పితే ఫైల్ వట్టి చెత్త అక్షరాలవుతుంది, యాంటీవైరస్ నోరెత్తదు, మీరు అనవసరంగా టెన్షన్ పడతారు. వర్డ్‌లో అసలే చేయకండి, వర్డ్ తన సరంజామా అంతా ఫైల్‌లో కలిపేస్తుంది. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 గానీ ఏఎన్ఎస్ఐ గానీ ఉండాలి. "విత్ బామ్" అన్నది ఎంచుకుంటే లైనుకి ముందు కనిపించని గుర్తు చేరి టెస్ట్ చెడుతుంది.

ఇప్పుడు డెస్క్‌టాప్ మీద టెస్ట్ అని ఏదో ఒక పేరుతో సేవ్ చేయండి. డిఫెండర్ ఉన్న కంప్యూటర్‌లో కుడివైపు మూలన "థ్రెట్స్ ఫౌండ్" అని నోటీసు రావాలి, డెస్క్‌టాప్ మీద ఫైల్ మాయమవ్వాలి. కొన్నిసార్లు సేవ్ మామూలుగా అయిపోయి, కొన్ని క్షణాల తర్వాత పట్టుకుంటుంది. అది తప్పేమీ కాదు. ఫైల్ అక్కడే కూర్చుని ఉంటే దాన్ని తెరవడానికి ప్రయత్నించండి, లేదా ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. రియల్ టైమ్ రక్షణ అంటే అర్థం అదే. ఫైల్‌ని ఎవరైనా తెరిచినా, రాసి మూసినా, ఆ క్షణంలో విండోస్ లోపల కూర్చున్న ఒక ఫిల్టర్ డ్రైవర్ దాన్ని ఆపి యాంటీవైరస్‌కి చూపిస్తుంది. వైరస్ ఉంది కాబట్టి పని పూర్తి కాలేదని విండోస్ ఎర్రర్ చూపిస్తే, కాపలా మేలుకునే ఉంది.

తెరిచినా, కాపీ చేసినా ఏమీ జరగలేదనుకోండి. అప్పుడు ఆ ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి స్కాన్ చేయండి. ఈ ఒక్క అడుగుతో రోగం ఎక్కడుందో తెలుస్తుంది. స్కాన్‌లో దొరికితే వైరస్‌ని గుర్తుపట్టే ఇంజన్ బాగానే ఉంది, కాపలావాడు మాత్రం నిద్రపోతున్నాడు. రియల్ టైమ్ ఆఫ్‌లో ఉందన్నమాట. స్కాన్‌లోనూ దొరకకపోతే ముందు మీ ఫైల్ సరిగ్గా ఉందో లేదో చూడండి. అది సరిగ్గానే ఉంటే అసలు అనుమానం ఎక్స్‌క్లూజన్ల మీదకి పోతుంది.

నన్నడిగితే ఈ టెస్ట్ మొత్తానికీ అసలు ఉపయోగం ఇక్కడే ఉంది. ఎక్స్‌క్లూజన్ అంటే "ఈ ఫోల్డర్ వైపు చూడకు" అని యాంటీవైరస్‌కి చెప్పడం. మన దగ్గర ఇది ఎలా చేరుతుందో తెలుసా? కంప్యూటర్ స్లో అయిందని షాపుకి ఇస్తాం. అతను విండోస్ కొత్తగా వేసి, లైసెన్స్ కొనకుండానే విండోస్‌ని అసలుదిలా చూపించే యాక్టివేటర్ అనే దొంగ ప్రోగ్రాం నడిపిస్తాడు. ఆ యాక్టివేటర్‌ని డిఫెండర్ పట్టుకుంటుంది కాబట్టి, ముందుగా ఆ ఫోల్డర్‌నో, మరీ బద్ధకస్తుడైతే సీ డ్రైవ్ మొత్తాన్నో ఎక్స్‌క్లూజన్‌లో పెడతాడు. పని అయ్యాక తీయడు. ఫొటోషాప్ క్రాక్, గేమ్ క్రాక్ వేసుకున్నవాళ్ల ఇళ్లలోనూ ఇదే కథ. "యాంటీవైరస్ ఆఫ్ చేసి ఇన్‌స్టాల్ చేయండి" అని ఆ క్రాక్‌తో వచ్చే కాగితం మొదటి లైనులోనే ఉంటుంది. చెడ్డ ప్రోగ్రాంలు కూడా లోపలికి రాగానే తమ ఫోల్డర్‌ని తామే ఆ జాబితాలో చేర్చుకుంటాయి. ఇలా ఎక్స్‌క్లూజన్ చేరిన కంప్యూటర్లలో రియల్ టైమ్ ఆన్‌లోనే ఉంటుంది, డాలు మీద పచ్చ టిక్కు చెక్కు చెదరదు.

కాబట్టి ఒక్క డెస్క్‌టాప్‌లో చేసి ఊరుకోకండి. డౌన్‌లోడ్స్‌లో చేయండి. డీ డ్రైవ్ ఉంటే అక్కడ చేయండి, మన వాళ్లలో చాలామందికి సినిమాలు, సాఫ్ట్‌వేర్లు, పిల్లల ప్రాజెక్టులు అన్నీ డీ డ్రైవ్‌లోనే ఉంటాయి. జిరాక్స్ షాపుకి తీసుకెళ్లే పెన్‌డ్రైవ్ పెట్టి, దాంట్లోకి సేవ్ చేసి చూడండి. ఎక్కడ మౌనంగా ఉందో అక్కడే కంత ఉంది. తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందులో మేనేజ్ సెట్టింగ్స్, బాగా కిందికి దిగితే ఎక్స్‌క్లూజన్స్. మామూలు ఇంటి కంప్యూటర్‌లో ఆ జాబితా ఖాళీగా ఉండాలి. మీరు పెట్టనిది ఏదైనా కనిపిస్తే తీసేయండి.

జిప్ సంగతి ఒక్క మాటలో. ఐకార్ సైట్‌లో జిప్‌లో పెట్టిన కాపీ, జిప్‌లో జిప్ పెట్టిన కాపీ కూడా ఉంటాయి. జిప్‌గా ఉన్నంతసేపు రియల్ టైమ్ పట్టుకోకపోతే కంగారు పడకండి. విప్పినప్పుడు పట్టుకుంటే చాలు.

క్విక్ హీల్ లాంటివి వేసుకున్నవాళ్లకి ఒక సందేహం వస్తుంది: డిఫెండర్ ఆఫ్‌లో ఉందేమిటని. వేరే యాంటీవైరస్ ఎక్కగానే విండోస్ డిఫెండర్‌ని పక్కకు తప్పిస్తుంది, అది మామూలే. చూడాల్సింది వేరే ఉంది. లాప్‌టాప్ కొన్నప్పుడు వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు ఎప్పుడో అయిపోయి, రెన్యూ చేయమని రోజూ అడుగుతూ ఉంటే మనం రోజూ క్లోజ్ కొడుతూ ఉంటాం. అలాంటి కంప్యూటర్‌లో ఈ టెస్ట్ తప్పకుండా చేయండి. డబ్బు కట్టే ఉద్దేశం లేకపోతే దాన్ని పూర్తిగా అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేసి, డిఫెండర్ ఆన్ అయిందో లేదో చూసుకోండి. గడువు తీరిన యాంటీవైరస్ కంటే విండోస్‌తో ఉచితంగా వచ్చేదే నయం అని నేనైతే గట్టిగా చెబుతాను.

కమాండ్లంటే భయం లేనివాళ్లు విండోస్‌లో కమాండ్లు టైప్ చేసే పవర్‌షెల్ తెరిచి, Get-MpComputerStatus (గెట్-ఎంపీకంప్యూటర్‌స్టేటస్) అనే కమాండ్ కొట్టండి. రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఎనేబుల్డ్ ఎదురుగా ట్రూ అని ఉండాలి. అదే జాబితాలో సిగ్నేచర్, అంటే వైరస్‌లను గుర్తుపట్టే ఆనవాళ్ల పట్టిక, చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో తేదీ ఉంటుంది. ఆ తేదీని తప్పక చూడండి, ఎందుకంటే ఐకార్ టెస్ట్ చెప్పలేని విషయం అదే. ఈ లైను అన్ని యాంటీవైరస్‌లకీ ఏళ్ల తరబడి తెలుసు. అప్‌డేట్ లేక మూలన పడిన యాంటీవైరస్ కూడా ఐకార్‌ని టక్కున పట్టేస్తుంది. నిన్న పుట్టిన వైరస్‌ని పడుతుందా అంటే ఈ టెస్ట్ దగ్గర జవాబు లేదు. ఏ యాంటీవైరస్ గొప్పది అన్న గొడవ కూడా దీనితో తేలదు. ఇంకాస్త లోతుగా చూడాలంటే ఆమ్‌ట్‌సో అనే టెస్టింగ్ ప్రమాణాల సంస్థ సైట్‌లో క్లౌడ్ రక్షణకి, ఫిషింగ్ పేజీలకి, అక్కర్లేని యాప్‌లకి విడివిడిగా హాని లేని టెస్టులున్నాయి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఆఫీసు లాప్‌టాప్‌లో ఇది చేయకండి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉన్న కంపెనీ లాప్‌టాప్ ఇంట్లో ఉన్నంత మాత్రాన మీది కాదు. మీరు నోట్‌ప్యాడ్‌లో సేవ్ కొట్టగానే అక్కడ సెక్యూరిటీ టీమ్‌కి అలర్ట్ వెళుతుంది, మీ మేనేజర్‌కి వివరించుకోవాల్సి వస్తుంది.

టెస్ట్ అయ్యాక విండోస్ సెక్యూరిటీలోని ప్రొటెక్షన్ హిస్టరీలోకి వెళ్లి, పట్టుకున్న ఫైల్‌కి రిమూవ్ ఎంచుకోండి. పొరపాటున కూడా "అలౌ ఆన్ డివైస్" నొక్కకండి. నొక్కితే ఇకమీదట ఐకార్‌ని చూసీ చూడనట్టు వదిలేస్తుంది, మళ్లీ టెస్ట్ చేసినప్పుడు మీకే అయోమయం. ఇదివరకే ఎవరైనా నొక్కి ఉంటే, అలౌడ్ థ్రెట్స్ జాబితాలోంచి తీసేయవచ్చు.

చివరిగా, రియల్ టైమ్ ఆఫ్‌లో ఉందని తేలి ఆన్ చేయబోతే ఆ బటన్ బూడిద రంగులో కదలకుండా ఉంటే ఏం చేయాలి? "మీ అడ్మినిస్ట్రేటర్ నిర్వహిస్తున్నారు" అనే అర్థంలో ఒక ఎర్ర లైను కూడా కనిపిస్తుంది. ఇంటి కంప్యూటర్‌కి అడ్మినిస్ట్రేటర్ మీరే కదా. వేరే యాంటీవైరస్ ఏదీ లేకుండా అలా ఉందంటే, ఆ యాక్టివేటరో, లోపలికి దూరిన ఇంకేదో విండోస్ పాలసీని మార్చేసిందని అనుమానించాలి. స్కాన్ ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది. తెరిచి ఉన్న ఫైళ్లన్నీ సేవ్ చేసుకుని అది నొక్కండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా లేవకముందే స్కాన్ నడుస్తుంది, కాబట్టి దాక్కున్నవి అడ్డుపడటం కష్టం. అది అయ్యాక కూడా బటన్ కదలకపోతే, ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రం బయటి డిస్క్‌కి కాపీ చేసుకుని విండోస్ కొత్తగా వేయించండి. ఈసారి షాపతను పని ముగించాక అక్కడే, అతని ముందే, ఎక్స్‌క్లూజన్స్ జాబితా తెరిచి చూపించమనండి.