మొదటి రూపాయి ఎటు పోవాలి?

అందరికీ నమస్కారం. యూనివర్సిటీ బడ్జెట్ గురించి మాట్లాడమన్నారు. అంకెల దగ్గరికి వెళ్లే ముందు ఒక మిషన్ గురించి చెబుతాను.

నేను పనిచేసిన ఒక డిపార్ట్‌మెంట్‌లో స్పెక్ట్రోఫోటోమీటర్, అంటే శాంపిల్ ఎంత వెలుతురు పీల్చుకుంటుందో కొలిచే మిషన్, ఉండేది, ప్రాజెక్టు డబ్బుతో కొన్నది. మూడేళ్లు బాగానే పనిచేసింది, తర్వాత అందులో ల్యాంపు పోయింది. ప్రాజెక్టు అప్పటికే ముగిసింది, డిపార్ట్‌మెంట్ పద్దులో మరమ్మతులకు పైసా లేదు, ల్యాంపు కోసం పెట్టిన ఫైలు రెండు నెలలు తిరిగి "నిధుల లభ్యత లేదు" అన్న ఒక్క ముక్కతో వెనక్కి వచ్చింది. మిషన్ మీద ప్లాస్టిక్ కవరు కప్పాం, కొన్నాళ్లకు ఆ కవరు మీద పాత అటెండెన్స్ రిజిస్టర్లు చేరాయి. మా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి శాంపిళ్లు ఐస్ డబ్బాలో పెట్టుకుని రాత్రి రైల్లో వేరే ఊరి ల్యాబ్‌కి వెళ్లి, శాంపిల్‌కి ఇంత అని తన ఫెలోషిప్‌లోంచి కట్టి రీడింగులు తెచ్చుకునేది. అదే ఏడాది కింది అంతస్తులో ఏసీ సెమినార్ హాలు కట్టారు. హాలుకి డబ్బు ఉంది, ల్యాంపుకి లేదు.

ఎవరో తినేశారని చెప్పడానికి ఇది చెప్పలేదు. అక్కడున్న వాళ్లంతా రూల్ ప్రకారమే చేశారు. మన రాష్ట్ర యూనివర్సిటీలకు డబ్బు వచ్చే పద్ధతే అలాంటిది, భవనం కట్టడానికి ఒక స్కీమ్ ఉంటుంది, ఆ భవనంలో పాఠం చెప్పే మనిషికి మాత్రం ఏ స్కీమూ ఉండదు.

2013లో రాష్ట్ర యూనివర్సిటీలకు డబ్బిచ్చే కేంద్ర పథకం రూసా వచ్చింది, 2023లో దాని పేరు పీఎం-ఉషా అయింది. మూడేళ్లకు 12,926 కోట్లు, అందులో మెరు అనే విభాగం కింద 35 యూనివర్సిటీలకు తలా 100 కోట్లు. వచ్చిన చోట సంతోషమే, కాదనను. కానీ ఇది గడువున్న డబ్బు, మార్చి లోపు ఖర్చు చూపించి యుటిలైజేషన్ సర్టిఫికెట్ పంపాలి. అలాంటి డబ్బుతో ముప్పై ఏళ్లు జీతం ఇవ్వాల్సిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని ఎవరు తీసుకుంటారు? గోడలు లేస్తాయి, పరికరాలు వస్తాయి, వాటిని నడిపే మనుషుల సంగతి రాష్ట్ర ప్రభుత్వం ఏటా ఒక మొత్తంగా ఇచ్చే బ్లాక్ గ్రాంట్ చూసుకోవాలి.

ఆ గ్రాంట్ పరిస్థితి ఏంటంటే, జీతాలకూ పింఛన్లకూ చాలడమే గగనం. 2004 సెప్టెంబరుకి ముందు చేరినవాళ్లకు పాత పింఛను ఉంది, అది వాళ్ల హక్కు, దాని మీద ఎవరైనా చెయ్యి వేస్తే నేనే ముందు రోడ్డెక్కుతాను. కానీ ఏటా కొంతమంది రిటైర్ అవుతున్నారు, వాళ్ల కుర్చీల్లోకి కొత్తవాళ్లు రావడం లేదు. గ్రాంటులో పింఛన్ల వాటా పెరుగుతుంది, పాఠాల వాటా తగ్గుతుంది. పదేళ్లు ఇలాగే సాగితే క్లాసులో టీచర్ లేని యూనివర్సిటీకి కూడా జీతాలు, పింఛన్ల బిల్లు నిండుగానే ఉంటుంది.

ఖాళీల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ యూనివర్సిటీల్లో మంజూరైన బోధన పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ. రోస్టర్ మీద, అంటే ఏ పోస్టు ఏ రిజర్వేషన్‌కి అన్న వరుస మీద కేసులు, ఆర్థిక శాఖ అనుమతులు, నోటిఫికేషన్ ఇచ్చి మళ్లీ ఆపేయడం, కారణాలు చాలానే చెబుతారు. అసలు భయం ఒకటే, శాశ్వత ఖర్చు నెత్తిన పడుతుందని. యూనివర్సిటీ టీచర్లకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ఏడో వేతన సవరణనే చూడండి, 2016 జనవరి 1 నుంచి లెక్క, పెరిగిన భారంలో సగం కేంద్రం ఇస్తానంది, అదీ 2019 మార్చి 31 దాకానే. ఆ తర్వాత మొత్తం రాష్ట్రానిదే. కేంద్రం నిబంధన పెట్టి పక్కకు తప్పుకుంటే, రాష్ట్రం పోస్టులు నింపకుండా ఆ భారం తప్పించుకుంటోంది. ఈ రెండిటి మధ్య నలిగేది పీరియడ్‌కి ఇంత అని లెక్కగట్టి తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీ. వేసవి సెలవుల్లో అతనికి జీతం లేదు, పీహెచ్‌డీ గైడ్‌షిప్ లేదు, ప్రాజెక్టుకి అప్లై చేసే అర్హత లేదు. కానీ ఎమ్మెస్సీ ఫైనలియర్ మొత్తం నడిపేది అతనే.

సరే, సొంత ఆదాయం పెంచుకోండి అంటారు. ఎక్కడి నుంచి? అనుబంధ కాలేజీలు కట్టే అఫిలియేషన్ ఫీజులు, పరీక్ష ఫీజులు, దూరవిద్య, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే కాలేజీలు అఫిలియేషన్ బకాయి పెడతాయి, అది రాకపోతే యూనివర్సిటీ గెస్ట్ ఫ్యాకల్టీ జీతం ఆపుతుంది, సెక్రటేరియట్‌లో ఆగిన ఒక్క బిల్లు ఇక్కడ ఒక ఇంటి అద్దె దాకా వస్తుంది. ఇంకో సంగతి, సప్లిమెంటరీ పరీక్షల ఫీజు ఆదాయంగా లెక్కవేసుకునే బడ్జెట్ అంటే నాకు మనసులో చాలా కష్టంగా ఉంటుంది. పిల్లలు ఫెయిలైతే ఆదాయం పెరిగేలా ఏ చదువుల వ్యవస్థా ఉండకూడదు.

ఇక కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ బృందం వస్తుందంటే జరిగేది మీరంతా చూసిందే. పదిహేను రోజుల్లో రంగులు, ఫ్లెక్సీలు, పూలకుండీలు. హాస్టల్ బాత్రూమ్‌లో ఏడాదిగా ఊడిపోయిన గడియ ఆ వారంలో పడుతుంది. అంటే డబ్బు ఉంది! రోజూ అక్కడ స్నానం చేసే ఆడపిల్ల కోసం బయటికి రాని డబ్బు, రెండు రోజులు ఉండి వెళ్లే అతిథుల కోసం వచ్చింది.

ఇక్కడ ఒక పాత విషయం చెప్పాలి. 1926లో మొదలైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి, అంటే ఇప్పటి విశాఖ ఆంధ్ర యూనివర్సిటీకి, ఒడిశాలోని జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. అక్కడి సైన్స్ కాలేజీకి ఆయన పేరు పెట్టారు. ఆ రోజుల్లో లక్ష అంటే ఎంతో మీరే ఊహించుకోండి, కానీ నాకు ఆ లక్ష కన్నా 'ఏటా' అన్న మాట గొప్పగా అనిపిస్తుంది. వచ్చే ఏడు కూడా డబ్బు వస్తుందని తెలిస్తేనే మనిషిని నియమించగలం, ల్యాబ్‌కి కెమికల్స్ ఆర్డర్ పెట్టగలం. పూర్వ విద్యార్థులు ముఖద్వారం కట్టిస్తామని వస్తే దండం పెట్టి అడగండి, అయ్యా, ఆ డబ్బు బ్యాంకులో వేసి ఏటా వచ్చే వడ్డీ మా ల్యాబ్ మరమ్మతులకు ఇవ్వండి, మీ పేరే పెట్టుకోండి అని.

డబ్బు ఖర్చుకి నా వరుస ఇది. మొదటి రూపాయి పర్మనెంట్ టీచర్‌కి, రెండోది ఉన్న పరికరాల మరమ్మతుకీ హాస్టల్ నీళ్లకీ, లైబ్రరీకి తర్వాత. లైబ్రరీని వెనక్కి నెట్టానని కోప్పడకండి, కేంద్రం జర్నల్స్‌కి దేశమంతటికీ కలిపి చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్‌లో 13,000 దాకా జర్నల్స్ రాష్ట్ర యూనివర్సిటీలకూ అందుతున్నాయి, అక్కడ కొంత ఊపిరి దొరికింది. కొత్త బిల్డింగ్ అన్నిటికన్నా చివర, అదీ దానికి ఐదేళ్ల మెయింటెనెన్స్ డబ్బు ఎక్కడిదో ఫైల్లో రాసి చూపించాకే.

దేశం చదువుకి ఆదాయంలో ఆరు శాతం ఖర్చు పెట్టాలని కొఠారి కమిషన్ 1966లోనే చెప్పింది, 2020 విద్యా విధానమూ అదే అంకె రాసుకుంది, ఇంకా అక్కడికి చేరలేదు. ఆ పోరాటం పెద్దది, చెయ్యాల్సిందే. అప్పటిదాకా మీ చేతిలో ఉన్న పని ఒకటుంది. మీ యూనివర్సిటీ బడ్జెట్ పుస్తకం అడగండి, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టండి. అందులో నిర్మాణాల పద్దు ఎంత, ల్యాబ్ మరమ్మతుల పద్దు ఎంత, రెండూ ఒక కాగితం మీద పక్కపక్కన రాయండి. ఆ కాగితం నోటీస్ బోర్డు మీద అంటించండి. పాలకమండలి సభ్యులు కూడా ఆ బోర్డు ముందు నుంచే మీటింగ్‌కి వెళ్తారు.

ఇప్పుడు మీరు అడగండి, నాకు తెలిసినంత చెబుతాను.