పది గంటలని రాసి నాలుగు గంటలైనా ఇవ్వని బ్యాటరీ: కొత్త లాప్‌టాప్ రివ్యూ

నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఈ మధ్యనే కొన్న 15.6 అంగుళాల లాప్‌టాప్‌ను ఈ వీడియోలో పరిశీలిద్దాం. దీని తెర, కీబోర్డు, వేగం గురించి చెప్పవలసింది పెద్దగా లేదు. పెట్టిన ధరకు ఆ మూడూ బాగానే ఉన్నాయి. నన్ను నిజంగా బాధపెట్టింది దీని బ్యాటరీ. పెట్టె మీద పది గంటలని అచ్చు వేశారు. వైఫై పెట్టుకుని, బ్రౌజర్‌లో కొన్ని ట్యాబులు తెరుచుకుని, పక్కన ఒక ఫైలులో ఏదో రాసుకుంటూ కూర్చుంటే నాలుగు గంటలు కూడా నిలవడం లేదు. కెమెరా, మైకు రెండూ పనిచేసే ఆన్‌లైన్ తరగతి అయితే మూడు గంటల లోపే ఛార్జర్ తీయవలసి వస్తోంది.

సంస్థ పేరు నేను చెప్పడం లేదు. పెట్టె మీద గంటలు ముద్రించే పద్ధతి ఒక్క సంస్థది కాదు కాబట్టి, మీరు ఏ లాప్‌టాప్ కొన్నా ఈ విషయం మీకు పనికి రావాలన్నదే నా ఉద్దేశం.

నగరంలో ఉన్నవారికి ఇది చిన్న లోపంగా అనిపించవచ్చు. కానీ మన గజపతి, రాయగడ జిల్లాల్లో వేసవి సాయంత్రం కొండల మీది నుంచి ఈదురుగాలి లేచిందంటే కరెంటు మీద ఆశ వదులుకోవలసిందే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఈ ప్రాంతం ఎలా చీకట్లో మునిగిందో ఇక్కడివారెవరూ మరిచిపోలేదు. గుణుపురంలో ఇంజినీరింగ్ చదివే పిల్లలు విశాఖపట్నం ప్యాసింజర్‌లో నౌపడా మీదుగా వెళుతూ ప్రాజెక్టు రిపోర్టు పూర్తి చేసుకుందామనుకుంటే, ఆ రైలు పెట్టెలో ప్లగ్ పాయింట్ దొరుకుతుందన్న నమ్మకం ఉండదు. ఇటువంటి చోట బ్యాటరీ నిలవకపోతే లాప్‌టాప్ కొన్న ప్రయోజనమే సగం పోతుంది.

ఇప్పుడు అసలు లోపం ఎక్కడుందో చూద్దాం. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని ఇంగ్లీషులో కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాసి ఎంటర్ నొక్కితే ఒక నివేదిక తయారవుతుంది. తెర మీద చూడండి. డిజైన్ కెపాసిటీ, అంటే తయారీలో నిర్ణయించిన సామర్థ్యం, అన్న వరుసలో 42,000 మిల్లీవాట్-అవర్లు అని ఉంది. దాని కింద ఫుల్ ఛార్జ్ కెపాసిటీ, అంటే ఇప్పుడు నిండా నింపితే పట్టేది, అన్న వరుసలో ఇంచుమించు అదే అంకె ఉంది. అంటే బ్యాటరీ చెడిపోలేదు. కంపెనీ ఇచ్చిందే 42 వాట్-అవర్ల చిన్న బ్యాటరీ. ఒక వాట్ చొప్పున గంటసేపు వాడితే ఖర్చయ్యే విద్యుత్తే ఒక వాట్-అవర్.

42ను పది గంటలతో భాగించండి. గంటకు 4.2 వాట్-అవర్లు వస్తుంది. అంటే తెర, ప్రాసెసర్, వైఫై, స్టోరేజ్ అన్నీ కలిపి సగటున నాలుగు వాట్ల పైచిలుకుతో నడిస్తేనే ఆ మాట నిజమవుతుంది. ఇంత పెద్ద తెరకు, పట్టపగలు కిటికీ పక్కన కనిపించేటంత వెలుగు పెడితే, దానికే మూడు నాలుగు వాట్లు కావాలి. పైగా ఇందులో ఉన్నది భారీ పనుల కోసం చేసిన ఇంటెల్ హెచ్ శ్రేణి ప్రాసెసర్. పలుచని లాప్‌టాప్‌లలో వాడే ఇంటెల్ యూ శ్రేణికి మూల విద్యుత్ పరిమితి సాధారణంగా 15 వాట్లు కాగా, హెచ్ శ్రేణికి అది ఎక్కువగా 45 వాట్లు. పని భారం పెరిగే కొద్దీ ఈ తేడా బ్యాటరీ మీద పడుతుంది. నా వాడకంలో సగటున పదకొండు పన్నెండు వాట్లు ఖర్చవుతున్నాయి. ఆ లెక్కన ఇది నాలుగు గంటలు దాటే అవకాశమే లేదు.

మరి కంపెనీకి పది గంటలు ఎలా వచ్చాయి? ఆ అంకె పక్కన చిన్న చుక్క గుర్తు, వెబ్‌సైటులో అట్టడుగున సన్నని అక్షరాల్లో దాని వివరణ ఉంటాయి. చాలా సంస్థలు వైఫై ఆపేసి, తెర వెలుగును 150 నిట్ల (వెలుగు కొలత) దగ్గర తక్కువగా ఉంచి, లాప్‌టాప్‌లోనే దాచిన వీడియోను ఆడించి కొలుస్తాయి. మనలో ఎవరైనా లాప్‌టాప్‌ను రోజంతా అలా వాడతారా? ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయో పెద్ద అక్షరాల్లో చెప్పకుండా, కుళాయి సన్నగా తిప్పితే ఎన్ని గంటలు పారుతుందో చెప్పి అమ్మడం లాంటిదే ఇది. దీన్ని నేను నిజాయితీ గల వ్యాపారమని ఒప్పుకోలేను.

కొత్త లాప్‌టాప్ మొదటి కొన్ని రోజులు అప్‌డేట్లు దించుకుంటూ, ఫైళ్లను సూచికలో చేర్చుకుంటూ అదనంగా కరెంటు తింటుంది కాబట్టి ఆ రోజుల లెక్కను నేను పక్కన పెట్టాను. ఆ తరువాత స్క్రీన్ రిఫ్రెష్ రేటును, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్కను, 144 నుంచి 60 హెర్ట్జ్‌కు తగ్గించాను, బ్యాటరీ సేవర్‌ను ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచాను. ఇంత చేస్తే మరో అరగంట, మహా అయితే ముప్పావు గంట కలిసి వచ్చింది. మూత వేసి సంచిలో పెట్టినా రాత్రికి రాత్రి ఛార్జింగ్ తగ్గిపోతున్నవారు మాత్రం, మూత వేయగానే స్లీప్‌కు బదులు హైబర్నేట్ అయ్యేలా, అంటే తెరిచిన పనిని దాచుకుని ఆగిపోయేలా, పవర్ ఆప్షన్స్‌లో మార్చుకోండి. దీనివల్ల తేడా స్పష్టంగా కనిపించింది.

ఇక్కడే మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. లిథియం-అయాన్ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే దాన్ని ఎల్లప్పుడూ నూరు శాతం నింపి, వేడిలో ఉంచకూడదు. అందుకే ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఇచ్చారు. కానీ 42లో 80 శాతమంటే 33.6 వాట్-అవర్లే. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఇంట్లో అంత తక్కువతో ధైర్యంగా కూర్చోలేం, అలాగని మే నెల ఎండల్లో నిండా నింపి ఉంచితే బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. పెద్ద బ్యాటరీ ఇచ్చి ఉంటే ఈ అవస్థ ఉండేది కాదు. పవర్ బ్యాంకుతో నెట్టుకొద్దామన్నా దీనికి టైప్-సి ఛార్జింగ్ లేదు, పాత గుండ్రటి పిన్నే ఇచ్చారు.

సర్వీసు సంగతి కూడా చెప్పాలి. ఫోన్ చేస్తే నా పిన్‌కోడ్ చూసి, ఒడిశా కాబట్టి భువనేశ్వర్ కేంద్రానికే పంపాలన్నారు. విశాఖపట్నం మాకు దగ్గరని ఎంత చెప్పినా రాష్ట్రం మారితే కుదరదన్నారు. సరిహద్దులో ఉన్న మనవాళ్లకు ఇది కొత్త కాదు, కానీ డబ్బు తీసుకునేటప్పుడు అడ్డురాని సరిహద్దు బాగుచేసేటప్పుడు మాత్రం ఎందుకు అడ్డు రావాలి? ఇటువంటి ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు, కాబట్టి శ్రీకాకుళంలో కొన్న వస్తువు గురించి పర్లాకిమిడిలోనే ఫిర్యాదు చేసే హక్కు మీకుంది. బిల్లు, పెట్టె, ప్రకటన స్క్రీన్‌షాట్ పారేయకండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉండి, లాప్‌టాప్‌ను బల్ల మీది నుంచి కదిలించనివారు దీన్ని కొనుక్కోవచ్చు. హాస్టల్లో ఉండే పిల్లలకూ, రైళ్లలో బస్సుల్లో తిరిగేవారికీ నేను దీన్ని సిఫారసు చేయలేను. వారు 60 వాట్-అవర్లకు తగ్గని బ్యాటరీ, యూ శ్రేణి ప్రాసెసర్, టైప్-సి ఛార్జింగ్ ఉన్న మోడల్ చూసుకోండి. దుకాణంలో గంటల మాట ఎత్తితే, వాట్-అవర్లు ఎన్నో స్పెసిఫికేషన్ కాగితంలో చూపించమని అడిగి, చూశాకే డబ్బు చెల్లించండి.