ఆ చీటీలో ఉన్న ప్రశ్న

(పదో తరగతి పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో ఒక తెలుగు ఉపాధ్యాయురాలి ప్రసంగ పాఠం)

అమ్మలకూ నాన్నలకూ, పని మానుకుని వచ్చిన తాతయ్యలకూ నమస్కారం.

కొంతకాలం కిందట ఒక తండ్రి తన కూతురి పుస్తకాల సంచిలో దొరికిన చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "రేపటి నుంచి బడి మాన్పిస్తాను టీచరుగారూ" అన్నారు. ఆ చీటీ వివరాలు ఇక్కడ చెప్పను. దాన్ని ఆయన చేతిలో చూడగానే మాత్రం నాకు 1992 గుర్తొచ్చింది. ఆ సంగతి ఇన్నాళ్లూ నా పిల్లలకు కూడా చెప్పలేదు. ఈ రోజు మీకు చెబుతాను.

మాది నెల్లూరు జిల్లాలో ఒక మెట్ట ఊరు. నేను పదో తరగతి. తాగని పూట మా నాన్నంత మంచివాడు లేడు. కానీ ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో నింపించి ఊరూరా అమ్మించిన కాలం అది. కూలి డబ్బు ఇంటికి చేరకముందే సారా దుకాణంలో ఖర్చయ్యేది. సాయంత్రం నాన్న చెప్పుల చప్పుడును బట్టి ఆ రాత్రి ఎలా గడుస్తుందో నాకు తెలిసిపోయేది. అడుగులు సమంగా పడితే పుస్తకం తీసేదాన్ని. చెప్పులు ఈడుస్తూ వస్తే తమ్ముడి చెయ్యి పట్టుకుని గడ్డివామి వెనక్కి పోయేదాన్ని. మర్నాడు మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు.

మా తరగతిలో ఒక అబ్బాయి లెక్కల్లో గట్టివాడు. మధ్యాహ్నం గంట కొట్టగానే నేను కడుపు నిండా మంచినీళ్లు తాగి వేపచెట్టు కింద పుస్తకం తెరుచుకుని కూర్చునేదాన్ని. అది అతడు గమనిస్తున్నాడని నాకు తెలియదు. ఒకరోజు నా లెక్కల నోటు పుస్తకం తిరిగి ఇచ్చాడు. అందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. "నిన్న, మొన్న నువ్వు అన్నం తినలేదు. ఎందుకు? రేపు మా అమ్మను ఎక్కువ పెట్టమంటాను." కింద పేరు కూడా లేదు.

ప్రేమ అన్న మాట అందులో ఎక్కడా లేదు. అయినా ఒళ్లంతా జ్వరం వచ్చినట్లయింది. ఉన్న రెండు జతల్లో ఏది వేసుకోవాలా అని మర్నాడు పొద్దున చాలాసేపు ఆలోచించాను. వయసు ఆకర్షణ అని దాన్ని తీసిపారేయకండి. అది ప్రేమే. ఇంట్లో ఎవరికీ పట్టని నా ఆకలి ఒకరి కంటపడింది. అంతకంటే ఇంకేం కావాలి ఆ వయసులో?

అప్పట్లో మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడుస్తోంది. అమ్మ రాత్రి బడికి వెళ్లేది. సారా వల్ల గుల్లైన ఇళ్ల గురించి ఆ వాచకంలోనే పాఠాలు ఉండేవి. మా జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్లో రోశమ్మ, తోటి ఆడవాళ్లు కలిసి సారా దుకాణం మూయించారన్న కబురు మా ఊరికీ చేరింది. ఒకరాత్రి అమ్మ అక్షరాలు దిద్దుకోవడానికి నా నోటు పుస్తకం తీసింది. చీటీ జారిపడింది.

నేను గుమ్మంలో నిలబడిపోయాను. అమ్మ లాంతరు దగ్గరికి జరిగి, అక్షరం కింద వేలు పెట్టి, "ని... న్న... మొ... న్న..." అని కూడబలుక్కుంటోంది. 'అన్నం' దగ్గర వేలు ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. ఇక నా వీపు చిట్లినట్లే అనుకున్నాను. ఆమె ఆ కాగితాన్ని పాత మడతల మీదే మడిచి పుస్తకంలో పెట్టింది. ఎవరు రాశారని అడగలేదు.

"రెండు రోజులా?" అంది.

మర్నాడు చీకటితోనే లేచి ఇంత గంజన్నం, పచ్చడి కట్టి ఇచ్చింది. ఆ తర్వాత ఎంత గొడవ జరిగినా నా క్యారియరు ఖాళీగా వెళ్లలేదు. కొన్నాళ్లకు అమ్మ కూడా సారా దుకాణం ముందు బైఠాయించింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. నాన్న ఒక్కసారిగా మారలేదు. ఆ అబ్బాయి ఇంటర్మీడియట్‌కు వేరే ఊరు వెళ్లాడు. మళ్లీ కలవలేదు.

చీటీ పట్టుకుని వచ్చిన ఆ తండ్రిని నేను ఒకటే అడిగాను: "అమ్మాయి ఇంట్లో ఎవరితో మాట్లాడుతుంది?" సారా పోయినా గొడవలు పోలేదు. భార్యాభర్తలు నెలల తరబడి మాట్లాడుకోకుండా, "మీ అమ్మకు చెప్పు", "మీ నాన్నకు చెప్పు" అంటూ పిల్లల చేత కబుర్లు మోయించే ఇళ్లు నాకు తెలుసు. ఆ పిల్లలు బయట ఎవరు పలకరించినా కరిగిపోతారు. అందుకే నాకు భయం కూడా ఉంది. పలకరించేది తోటి పిల్లవాడైతే ఒక సంగతి, పెళ్లీడు దాటిన మగవాడైతే పూర్తిగా వేరు. అలాంటిది కనిపిస్తే పరువు గురించి ఆలోచించకుండా పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయండి. ఆ నంబరు పిల్లలకూ నేర్పండి.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారి మధ్య ఇష్టంతో జరిగినా, లైంగిక సంబంధం నేరమే. ఇది అబ్బాయిల తల్లులు ఇంట్లో నోరు తెరిచి చెప్పాలి. కోపంలో హడావిడిగా సంబంధం చూసి, పద్దెనిమిది నిండని పిల్లకు పెళ్లి చేసినా నేరమే.

నేను సాయంత్రం ఆరింటి దాకా ఆ చివరి గదిలో ఉంటాను. మార్కుల సంగతి రేపు చూద్దాం. ఇంటి సంగతి చెప్పుకోవాలనుకున్నవాళ్లు రండి, తలుపు వేసుకుని మాట్లాడుకుందాం.