దూలం మధ్యలో 90 ఎలా వచ్చింది?

అన్న: అందరికీ నమస్కారం. ఈరోజు నాతో ఉన్నది సివిల్ సెకండియర్ చదువుతున్న కుర్రాడు, మిర్యాలగూడ వైపు ఊరు. పేరు చెప్పొద్దన్నాడు, ఒక సప్లీ ఉందట, ఇంట్లోవాళ్లు వింటారని భయం. కాబట్టి తమ్ముడు అనే పిలుస్తాను. ఏం తమ్ముడూ, పోయిన గురువారం రాత్రి పదకొండున్నరకు నాకేం మెసేజ్ పెట్టావో నువ్వే చెప్పు.

తమ్ముడు: (నవ్వు) ఇక్కడ కూడా అదేనా అన్నా? "నాలుగో ప్రశ్న ఆన్సర్ పెట్టవా, రేపు పొద్దున సబ్మిషన్" అని పెట్టాను. కింద రెండు దండాలు.

అన్న: మూడు.

తమ్ముడు: సరే, మూడు.

అన్న: నేను పెట్టలేదు. ఫొటో తీస్తే ఏఐ యాప్ అర నిమిషంలో స్టెప్పులతో సహా ఇచ్చేస్తుంది, అయినా నా దగ్గరికి వచ్చాడంటే ఎక్కడో తేడా కొట్టింది వీడికి అనుకున్నాను. అందుకే నువ్వు చేసిన రఫ్ పేజీ పంపమన్నాను, కొట్టివేతలతో సహా.

తమ్ముడు: అవునన్నా. నాకు 90 వచ్చింది, యాప్ 45 అంటోంది. హాస్టల్లో అందరి దగ్గరా 45 ఉంది కానీ అందరూ ఒకడి దగ్గర చూసి రాసినవాళ్లే, ఆ ఒకడేమో యాప్‌లో చూసి రాశాడు. 90 ఎందుకు తప్పో ఒక్కడూ చెప్పలేదు.

అన్న: వినేవాళ్లకి ప్రశ్న చెప్పు.

తమ్ముడు: 6 మీటర్ల సింప్లీ సపోర్టెడ్ బీమ్, అంటే రెండు చివర్లా ఊరికే ఆని ఉండే దూలం. దాని మీద మీటరుకు 10 కిలోన్యూటన్ల యూడీఎల్, పొడవునా సమానంగా పరిచిన బరువన్నమాట. మ్యాక్సిమమ్ బెండింగ్ మూమెంట్, అంటే దూలాన్ని వంచే ప్రభావం, బలం ఇంటూ దూరం, ఎంత అని అడిగారు. నేనేమో మొత్తం బరువు 60, అది నడిమధ్యలో ఉన్నట్టే లెక్క అని ఫస్టియర్ మెకానిక్స్‌లో చెప్పారు కదా, అలా పెట్టేశాను. రెండు వైపులా రియాక్షన్లు, అంటే ఆనిన చోట పైకి నెట్టే బలాలు, చెరో 30. మధ్యలో మూమెంట్ 30 ఇంటూ 3, 90.

అన్న: రియాక్షన్లు కరెక్టే. అక్కడిదాకా ఆ చిట్కా పనిచేస్తుంది. సరే, లెక్క పక్కన పెట్టు. మీ బళ్లో పొడుగు చెక్క బల్ల ఉండేదా? దాని మీద పదిమంది పిల్లలు వరసగా కూర్చున్నారు. ఇప్పుడు వాళ్లందర్నీ లేపేసి, అంతే బరువున్న ఒక్క పహిల్వాన్‌ని సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టావు. బల్ల ఎప్పుడు ఎక్కువ వంగుతుంది?

తమ్ముడు: పహిల్వాన్ కూర్చున్నప్పుడు.

అన్న: బల్ల కాళ్ల మీద పడే బరువు మారిందా?

తమ్ముడు: లేదు, అదే. ఓ... రియాక్షన్లు అవే, వంగడం మాత్రం వేరు.

అన్న: అంతే. నువ్వు లెక్కగట్టింది పహిల్వాన్ బల్ల. బెండింగ్ మూమెంట్ అంటే బీమ్‌ని ఒకచోట కోసి, ఒక ముక్క మాత్రమే చేతిలో పట్టుకుని, ఆ ముక్క మీద ఉన్నవాటితో వేసే లెక్క. మధ్యలో కోస్తే ఎడమ ముక్క 3 మీటర్లు. దాని మీద ఏమేం ఉన్నాయి?

తమ్ముడు: చివర పైకి నెట్టే 30. ఇంకా... దాని మీద పరిచిన బరువు, 3 మీటర్లకి 30. అది ఆ ముక్క మధ్యలో, అంటే కోసిన చోటి నుంచి ఒకటిన్నర మీటరు దూరంలో. 90లోంచి 45 తీసేస్తే 45. నేను కోయకముందే బరువంతా ఒకచోట కుప్ప పోశాను కాబట్టి ఎడమ ముక్క మీద బరువే లేకుండా పోయింది!

అన్న: ముందు కోయాలి, ఆ తర్వాతే కుప్ప పోయాలి. నేను చదువుకునేటప్పుడు ఈ ముక్క నాకూ ఎవరూ చెప్పలేదు, డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై 8 అని బట్టీ పట్టాను, డబ్ల్యూ అంటే మీటరు బరువు, ఎల్ అంటే పొడవు. నీ నంబర్లు అందులో వేసి చూడు, 10 ఇంటూ 36 బై 8, 45 వస్తుంది. ఫార్ములా నిజమే కానీ, పరీక్షలో బరువు సగం బీమ్ మీదే ఉందనుకో, ఆ 8 నిన్ను నిండా ముంచుతుంది.

తమ్ముడు: అన్నా, మా సార్ ఇంటిగ్రేషన్‌తో చేశారు. నేను అక్కడే వదిలేశాను. ఇంటర్‌లో నాకు మ్యాథ్స్ 2బిలో 75కి 73 అన్నా, అయినా బోర్డు మీద అది చూస్తే ఇంకేదో భాషలా ఉంది.

అన్న: అది నీ ఒక్కడి గోడు కాదు. మనం ఇంటిగ్రేషన్ నేర్చుకున్నది 7 మార్కుల ప్రశ్న కోసం, ఆ తర్వాత ఎంసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నిమిషం పైన కొంచెం. అంత హడావుడిలో ఇంటిగ్రేట్ చేస్తే వచ్చే ఈ ఏరియా దేనికి అని అడిగే తీరిక ఎవడికుంది చెప్పు. సరే, ఎడమ చివర నుంచి ఎక్స్ దూరంలో కోశావు. షియర్, అంటే కోసిన చోటికి ఎడమ ముక్క మీద పైకి నెట్టేదాంట్లోంచి కిందికి నొక్కేది తీసేస్తే మిగిలే బలం, ఎంత?

తమ్ముడు: 30 మైనస్ 10 ఎక్స్.

అన్న: గ్రాఫ్ గియ్యి. 30 దగ్గర మొదలై ఏటవాలుగా దిగుతుంది. సున్నాని ఎక్కడ తాకుతుంది?

తమ్ముడు: ఎక్స్ 3 దగ్గర. మధ్యలో.

అన్న: అక్కడిదాకా గీత కింద ఏర్పడిన త్రిభుజం ఏరియా?

తమ్ముడు: సగం ఇంటూ 3 ఇంటూ 30... 45! అన్నా, ఇదే మూమెంటా?

అన్న: అదే. షియర్‌ని ఇంటిగ్రేట్ చేస్తే మూమెంట్, మూమెంట్‌ని డిఫరెన్షియేట్ చేస్తే షియర్. మరి షియర్ సున్నా అయినచోటే మూమెంట్ ఎక్కువ ఎందుకో?

తమ్ముడు: డెరివేటివ్ సున్నా అంటే మ్యాక్సిమమ్... 1బిలో మ్యాక్సిమా మినిమా. అయ్యో, ఆ చాప్టర్‌లో డబ్బా పెట్టె వాల్యూమ్ లెక్కలు ఎన్ని చేశానో.

అన్న: తప్పుకి మరీ సిగ్గుపడకు. 1638లో అచ్చయిన పుస్తకంలో గెలీలియో కూడా బీమ్‌ల మీద చేయి పెట్టి, గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన దూలం బలాన్ని మూడింతలు ఎక్కువగా లెక్కగట్టాడు. నువ్వు రెండింతలే.

తమ్ముడు: (నవ్వు) ఇది మా హెచ్‌ఓడీకి చెప్పాలి. అయినా అన్నా, 45కి బదులు 90 అనుకుని కడితే ఇల్లు పడిపోదు కదా, ఇంకా గట్టిగానే ఉంటుంది.

అన్న: ఇల్లు పడదు, ఇల్లు కట్టించేవాడు పడతాడు. దాదాపు రెట్టింపు ఇనుము. మీ నాన్న మేస్త్రీ కదా, ఆయన్నడుగు టన్ను ఎంతో.

తమ్ముడు: ఇనుము అంటే గుర్తొచ్చింది. దూలానికి మెయిన్ రాడ్లు కింద వేస్తారు, సజ్జకి మాత్రం పైన వెయ్యాలి, సెంట్రింగ్ మీద నడిచేటప్పుడు తొక్కి కిందికి దించొద్దు అని నాన్న ఎప్పుడూ అరుస్తుంటాడు. ఎందుకో అడిగితే "అలాగే వెయ్యాలి" అంటాడు.

అన్న: ఆయన కరెక్టు. నీ దూలం మధ్యలో కిందికి కుంగుతుంది కాబట్టి అడుగు భాగం సాగుతుంది. కాంక్రీట్ నొక్కితే తట్టుకుంటుంది, లాగితే చీలుతుంది, అందుకే సాగే వైపు ఇనుము. సజ్జ చివర వేలాడుతుంది కాబట్టి గోడ దగ్గర పైభాగం సాగుతుంది. సరే, సజ్జ పేరు తెచ్చావు కాబట్టి నీకో లెక్క. 1 మీటరు సజ్జ, దాని మీద కూడా మీటరుకు 10. గోడ దగ్గర మూమెంట్ రెండు రకాలుగా చెయ్యి, ఒకసారి ఇంటిగ్రేషన్‌తో, ఇంకోసారి నీ పాత పద్ధతిలో బరువంతా మధ్యలో కుప్ప పోసి.

తమ్ముడు: ఇప్పుడేనా? ఉండు... కుప్ప పోస్తే 10, అర మీటరు దూరంలో, 5. ఇంటిగ్రేషన్... 10 ఎక్స్‌ని 0 నుంచి 1 దాకా... 5 ఎక్స్ స్క్వేర్... 5. రెండూ ఒకటే వచ్చాయేంటన్నా? ఇక్కడ నా పద్ధతి తప్పు కాదా?

అన్న: నన్నడగకు. ఎక్కడ కోశావు?

తమ్ముడు: గోడ దగ్గర... అంటే సజ్జ మొత్తం ఒకే ముక్క. బరువంతా ఆ ముక్క మీదే ఉంది, అవతలి వైపు ఏమీ మిగల్లేదు. అందుకని ముందు కుప్ప పోసినా, కోశాక పోసినా ఒకటే! అన్నా, మరి సజ్జ మధ్యలో కోస్తే మళ్లీ నా పద్ధతి పోతుంది కదా? ఆగు, చేసి చూస్తా, పెన్నేది...